హై బోనెట్ జీపు: ఇంటి షెడ్డులో విప్పి బిగించి, ఏళ్ల తరబడి నడిపాక

ముందే చెప్పేస్తున్నాను. రోజూ ఆఫీసుకి వెళ్లిరావడానికి బండి కావాలంటే ఇది మీకు పనికిరాదు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, తలుపులు కూడా గుడ్డవే. వేగం అరవై దాటిందంటే పక్కన కూర్చున్నవాళ్లతో కేకలేసి మాట్లాడాలి. వానొస్తే తడవాలి, ఎండొస్తే మాడాలి. ఇవన్నీ తెలిసి కూడా కావాలనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బండి మహీంద్రా సీజే-3బి, 1972 మోడల్, పెట్రోలు. రాజమండ్రిలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి, అప్పటినుంచి నడుపుతున్నాను. గోదావరి లంకల్లో ఇసుక మీద, మారేడుమిల్లి ఘాట్‌లో, వానాకాలం పొలం దారుల్లో, అన్నిచోట్లా తిరిగింది. అప్పుడే రంగు వేయించిన బండిని చూసి మురిసిపోతూ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పని కొన్ని వానాకాలాలు తట్టుకున్నాక ఏది నిలిచింది, ఏది మళ్లీ చేయించాల్సి వచ్చింది అన్నది మాత్రం ఎక్కడా దొరకదు. నా మట్టుకు నాకు తేలిందేంటంటే, కంటికి కనిపించని చోట పెట్టిన డబ్బు ఇప్పటికీ పనిచేస్తోంది. కనిపించే చోట పెట్టినదంతా మళ్లీ ఖర్చుకే వచ్చింది.

అమ్మేవాళ్ల మాట ఒకటుంది: ‘వరల్డ్ వార్ జీపండీ ఇది’. ఆ ఒక్క ముక్కతో రేటు పెంచేస్తారు. నమ్మకండి. యుద్ధం 1945లో అయిపోయింది. హై బోనెట్ సీజే-3బిని అమెరికాలో విల్లీస్ కంపెనీ తయారు చెయ్యడం మొదలుపెట్టిందే 1953లో. యుద్ధంలో తిరిగినవి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ. వాటి బోనెట్ ఎత్తు తక్కువ, అందుకే వాటిని లో బోనెట్ అంటాం. ముందు గ్రిల్‌లో గాట్లు లెక్కపెట్టినా తెలిసిపోతుంది. యుద్ధకాలపు ఎంబీకి తొమ్మిది, సివిల్ జీపుకి ఏడు. గ్రిల్ మార్చేసిన బండ్లు కూడా తిరుగుతున్నాయి కాబట్టి అదొక్కటీ చూసి డబ్బు చేతిలో పెట్టకండి.

బోనెట్ ఎత్తు పెరగడానికి కారణం ఇంజనే. పాత గో డెవిల్ ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులోనే పక్కగా ఉండేవి. 3బికి పెట్టిన హరికేన్ ఇంజనులో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్లాయి, ఎగ్జాస్ట్ వాల్వులు మాత్రం బ్లాకులోనే ఉండిపోయాయి. కార్బ్యురేటర్ హెడ్ నెత్తి మీద కూర్చుంది. ఇక పాత బోనెట్ మూతపడదు కదా, ఎత్తుది పెట్టారు. అందం గురించి ఎవరూ ఆలోచించలేదని చూస్తేనే తెలుస్తుంది. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 70 హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటూ. ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాకులు చాలావాటికి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇంట్లో విప్పుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా విప్పుకోవచ్చు. సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. బోనెట్ ఎత్తితే ఇంజను చుట్టూ చెయ్యి తిరిగేంత జాగా ఉంటుంది. మా షెడ్డు కూడా పెద్ద గొప్పదేం కాదు. సిమెంటు రేకులు, గచ్చు నేల, చైన్ బ్లాకు వేలాడదీయడానికి విడిగా నిలబెట్టిన ఇనప గర్డరు, అంతే. ఆ గర్డరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఇంజను మొత్తం చేతులతో లేపే బరువు కాదు. దాన్ని షెడ్డు పైకప్పు పైపుకి కట్టి లాగితే రేకులతో సహా మీద పడుతుంది.

పానాలు అంగుళాల సైజువే కొనాలి. అర అంగుళం, తొమ్మిది బై పదహారు, మూడు బై నాలుగు, ఇవి లేకుండా పని మొదలుపెట్టకండి. ఇంట్లో ఉన్న మిల్లీమీటరు పానాలతో లాగించేద్దాం అనుకుంటే నట్ల అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి, తర్వాత గ్యాస్ కటింగే దిక్కు. నాకు బాగా కలిసొచ్చిన పద్ధతి ఒకటి చెప్తాను. ఏ భాగం విప్పినా, దాని బోల్టుని మళ్లీ దాని కన్నంలోనే రెండు చుట్లు తిప్పి వదిలెయ్యడం. సీసాలు, చీటీలు అక్కర్లేదు. ఆర్నెల్ల తర్వాత చూసినా ఏ బోల్టు ఎక్కడిదో బండే చెప్తుంది.

ఈ బండికి ఎడమ వైపు చక్రాల నట్లు ఉల్టా ఉంటాయి. లెఫ్ట్ థ్రెడ్డు అంటారు. మనం విప్పే వైపు తిప్పితే అవి బిగుసుకుంటాయి. చక్రం తిరిగే ఊపుకి నట్టు వదులవ్వకూడదని అప్పట్లో అలా చేశారు. నట్టు ఎక్కే స్టడ్లు చాలావాటి కొన మీద ‘ఎల్’ అక్షరం కొట్టి ఉంటుంది కానీ మట్టి, తుప్పు కింద ఎవరికి కనిపిస్తుంది? ఇప్పటికీ పంక్చరు షాపుకి వెళ్తే ముందు నేనే కిందికి దిగుతాను. ‘తమ్ముడూ, ఈ పక్క రెండూ ఉల్టా’ అంటాను. ‘నాకు తెలుసన్నా’ అంటాడు, అంటూనే పానాకి పైపు తగిలించి మామూలు వైపే బలం వేస్తాడు. స్టడ్డు పుటుక్కుమని విరిగిన చప్పుడు ఒక్కసారి విన్నారంటే మర్చిపోలేరు. ఎడమ డ్రమ్ముల మీద పసుపు రంగు పూసి పెట్టాక ఆ గొడవ కొంత తగ్గింది.

బయటికి ఇచ్చి తీరాల్సిన పనులు కొన్నున్నాయి. బోరు వెయ్యడం (సిలిండర్ల లోపలి గోడ చెక్కి సరిచెయ్యడం), క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, బ్రేకు డ్రమ్ములు తిప్పించడం, రేడియేటరు రీకోర్. లేత్ మేస్త్రీ దగ్గర పక్కనే నిలబడి చేయించుకోండి. ఈ ఇంజను అసలు బోరు మూడు అంగుళాల మీద ఇంకో ఎనిమిదో వంతు, అంటే 3.125 అంగుళాలు. మా బ్లాకుని అంతకుముందే ఎవరో ఒకసారి బోరు వేయించారు. ఇంకోసారి వెయ్యాలా, స్లీవులు (సిలిండర్లలోకి దింపే కొత్త గొట్టాలు) దింపాలా అని నేను తటపటాయిస్తుంటే మేస్త్రీ గారే తేల్చేశారు. ‘గోడ పల్చనైపోతదండి, ఎండాకాలం ఘాట్ ఎక్కితే మీరే నన్ను తిట్టుకుంటారు, స్లీవులే వేద్దాం’ అన్నారు. వేయించాను. నడి వేసవిలో కూడా టెంపరేచర్ ముల్లు కంగారుపెట్టలేదు. ఇంకో ముఖ్యమైన పని ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు. 2000 సంవత్సరం నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత రోజుల్లో పెట్రోలులో ఉండే ఆ సీసమే వాల్వు సీట్లు త్వరగా అరిగిపోకుండా కాపాడేది. హెడ్ విప్పి, బ్లాకు లేత్ మీదకి ఎక్కినప్పుడే గట్టి సీట్లు వేయించుకుంటే ఆ బెంగ తీరిపోతుంది.

టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు సరిచెయ్యడం మాత్రం ఇంట్లోనే. చల్లటి ఇంజను మీద ఇన్‌టేక్ 0.018 అంగుళం, ఎగ్జాస్ట్ 0.016. ఇన్‌టేక్ వాల్వులు పైనుంచి హాయిగా అయిపోతాయి. ఎగ్జాస్టువి ఇంజను పక్కనున్న మూత విప్పి, మానిఫోల్డ్ కింది నుంచి చెయ్యి దూర్చి చెయ్యాలి. ఫీలర్ గేజి ఒక చేత్తో, పానాలు ఇంకో చేత్తో. మూడో చెయ్యి ఉంటే బాగుండు అనిపిస్తుంది. మా ఇంట్లో ఆ పని జరిగే రోజు ఎవరూ షెడ్డు వైపు రారు.

ఇంజను ఎలా ఉంది అంటే, బద్ధకంగా ఉంటుంది, కానీ మాట తప్పదు. దీని బలమంతా 2000 ఆర్‌పీఎం దగ్గరే ఉంది. టాప్ గేరులో ఎడ్లబండి వెనక పాకినా దడదడలాడదు. మెయిన్ రోడ్డు మీద 60 - 65 దగ్గర స్థిమితంగా పోతుంది. అంతకు మించి తొక్కితే శబ్దం పెరుగుతుంది తప్ప వేగం పెద్దగా పెరగదు. యాక్సిల్ రేషియో 5.38 కావడమే, అంటే షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరగడమే దానికి కారణం.  మైలేజీ మీకు తెలియాల్సిన అవసరం ఉంది కాబట్టి చెప్తున్నాను. రోడ్డు మీద లీటరుకి ఎనిమిది, ఘాట్‌లోనూ ఇసుకలోనూ ఆరు. మా ఆవిడ ముందు మాత్రం పది అనే చెప్తుంటాను.

పెట్రోలు గురించి ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ-20. ఈ బండి పుట్టినప్పటి రబ్బరుకి ఆ సరుకు పడదు. మా పెట్రోలు పంపులో పాత డయాఫ్రమ్ మెత్తబడి సాగిపోయింది, హోసులు లోపల పొరలు పొరలుగా ఊడి కార్బ్యురేటర్ జెట్‌కి అడ్డం పడ్డాయి. ఇథనాల్ తట్టుకునే వైటన్ రకం హోసులు, కొత్త డయాఫ్రమ్ వేశాక సమస్య లేదు. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది కూడా, మన గోదావరి గాలిలో దానికి కొదవా? బండిని నెలల తరబడి పక్కన పెట్టేట్టయితే ట్యాంకు, కార్బ్యురేటర్ బౌల్ ఖాళీ చేసి పెట్టడం మేలు. మే నెలలో వేపర్ లాక్ అవుతుంది. పెట్రోలు పంపు ఎగ్జాస్ట్ వేడికి దగ్గరలో ఉంటుంది, లైనులోనే పెట్రోలు ఆవిరైపోయి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు చెట్టు కింద కూర్చోవడం పాత డ్రైవర్ల వైద్యం. నేను లైనుని మానిఫోల్డ్‌కి దూరంగా మళ్లించి, మధ్యలో రేకు అడ్డం పెట్టాను. తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. తడిగుడ్డ ఇప్పటికీ సీటు కిందే ఉంది.

ఇక అసలు సుఖం గేర్ల దగ్గరుంది. మూడే గేర్లు, ఫస్టుకి సింక్రో (గేరు సాఫీగా పడేలా చూసే రింగు) లేదు, బండి పూర్తిగా ఆగితే తప్ప ఫస్టులోకి పడదు. పెద్ద గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకి, ఒకటి లో రేంజికి (వేగం తగ్గించి బలం పెంచేది). లో రేంజిలో ఫస్టు గేరు పడిందంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. లంకలో పొడి ఇసుక మీద ఈ లెక్క విలువ తెలుస్తుంది. టైర్లలో గాలి సగానికి తగ్గించి, క్లచ్ వదిలేసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తాను. చక్రాలు గిర్రున తిరిగి ఇసుక చిమ్మడం ఉండదు. టైరు ముందు చిన్న ఇసుక గట్టు లేస్తుంది, దాన్ని తొక్కుతుంది, మళ్లీ ఇంకోటి లేస్తుంది, దాన్నీ తొక్కుతుంది. పక్కన నడిచే మనిషి మనల్ని దాటి వెళ్లిపోతాడు గానీ బండి ఆగదు. మొన్నామధ్య మా తమ్ముడి కొత్త ఎస్‌యూవీ అదే ఇసుకలో టక్కున దిగబడితే తాడు కట్టి లాగింది ఇదే. వాడు ఆ సంగతి బంధువుల దగ్గర చెప్పనివ్వడు.

తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వెయ్యకండి. ముందు యాక్సిలుకీ వెనక యాక్సిలుకీ మధ్యన, రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. ఆ తేడా పోయే దారి లేక షాఫ్టులు మెలిపడతాయి, రాడ్డు బయటికి రానని మొండికేస్తుంది. అప్పుడు బలవంతంగా గుంజకుండా, కాస్త వెనక్కి పోనిస్తే ఠక్కున వదులుతుంది. గేర్‌బాక్సులో ఆయిల్ పోసేటప్పుడు షాపువాడు ‘ఇదే బెస్టండీ’ అని జీఎల్-5 అంటగడతాడు. వద్దు. లోపలి సింక్రో రింగులు ఇత్తడివి, ఆ ఆయిల్‌లో ఉండే గంధకం వాటిని తినేస్తుంది. జీఎల్-4 తొంభై నంబరు అడిగి తీసుకోండి.

నేను ఈ బండిలో ఇప్పటికీ భయపడేది బ్రేకులకే. ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే సర్క్యూట్. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క హోసు చిట్లినా పెడల్ ఫ్లోరుకి అంటుకుంటుంది, నాలుగూ ఒకేసారి పోతాయి. పైగా ఆ మాస్టర్ సిలిండర్ ఉండేది కాళ్ల కింద, ఫ్లోరు అడుగున. ఫ్లూయిడ్ చూడాలంటే ఫ్లోరులో చిన్న రేకు మూత విప్పాలి. బురద, గేదెల దారుల్లో నీళ్లు, అన్నీ చేరేది సరిగ్గా అక్కడికే. అందుకే మొత్తం బండిలో మొదటి ఖర్చు దీనికే పెట్టాను. మాస్టర్ సిలిండరు, నాలుగు వీల్ సిలిండర్లు, ఇనప పైపులు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి. డ్రమ్ములు తొమ్మిదంగుళాలవి, తిప్పించి కొత్త లైనర్లు అతికించాం. వానాకాలం ముందు ఏటా ఫ్లూయిడ్ మార్చేస్తాను. ఇంతవరకు ఒక్క లీకు లేదు. అయినా మారేడుమిల్లి నుంచి దిగేటప్పుడు సెకండ్ గేరు వదలను. బ్రేకు ఆపడానికే గానీ పట్టి ఉంచడానికి కాదు, ఆ పని ఇంజనుదే. కొంతమంది రెండు సర్క్యూట్ల టాండమ్ మాస్టర్ సిలిండర్ వేసుకుంటున్నారు. వాళ్లని తప్పుపట్టను.

హ్యాండ్ బ్రేకు సంగతి విడిగా చెప్పాలి. అది చక్రాలకి పడదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) వెనక, షాఫ్టు మీద ఒక చిన్న డ్రమ్ముంటుంది, దాన్ని పడుతుంది. దీనివల్ల ఒక ప్రమాదం ఉంది. హ్యాండ్ బ్రేకు వేశాం కదా అని వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపారనుకోండి, డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం తిరుగుతుంది, నేల మీదున్న చక్రం వదిలేస్తుంది, బండి జాకీ మీదినుంచి జారిపోతుంది. చక్రాల కింద రాళ్లు పెట్టకుండా జాకీ ముట్టుకోకండి. ఇంట్లో పని చేసేవాళ్లు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకూడదు.

స్టీరింగ్‌కి వస్తే, పాత జీపుల పేరు చెడగొట్టింది ఇదే. 50 దగ్గర ఒక చిన్న గుంత తగిలితే చాలు, ముందు చక్రాలు ఊగిపోవడం మొదలవుతుంది, స్టీరింగ్ చేతుల్లోంచి లాగేసుకుంటుంది. బండి ఆపితే తప్ప ఆగదు. ఏ షాపుకి వెళ్లినా ‘డ్యాంపర్ వేసేద్దామండీ’ అంటారు. డ్యాంపర్ వేస్తే ఊపు కనిపించకుండా పోతుంది, అరిగినవి అరుగుతూనే ఉంటాయి. అసలు రోగం చక్రం పక్కకి తిరిగే ఇరుసైన కింగ్ పిన్ బేరింగుల్లోనూ, స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే బెల్ క్రాంక్ పిన్నులోనూ, టై రాడ్ ఎండ్లలోనూ ఉంటుంది. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపండి. ‘టక్’ మని కదిలితే కింగ్ పిన్. అక్కడ పల్చటి షిమ్ములు తీస్తూ, వేస్తూ బిగువు సరిచెయ్యాలి. మెకానిక్కులకి విసుగొచ్చే పని. ఇంట్లో చేసుకుంటే ఓపిక ఉంటుంది. నేను బేరింగులు, బెల్ క్రాంక్ బుష్షులు మార్చి, దారం కట్టి టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండే తేడా) ఒకటి రెండు మిల్లీమీటర్ల మధ్య పెట్టాను. అప్పటినుంచి ఊపు లేదు, డ్యాంపరూ లేదు. స్టీరింగ్‌లో ఆట మాత్రం కొంచెం ఉంటుంది, అది ఈ జీపుతో పాటే వచ్చే కట్నం. ముందు యాక్సిల్ బంతుల దగ్గర గ్రీజు కారడం కూడా అంతే. సీళ్లు మార్చాక తగ్గింది, పూర్తిగా మానలేదు.

స్పేర్లు దొరుకుతాయా అన్నది అందరి టెన్షన్. దొరుకుతాయి. మా వైపు వాళ్లకి విజయవాడ జవహర్ ఆటోనగరే దిక్కు. ‘3బికి కావాలి’ అని ఫోనులో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. పాత ముక్క పట్టుకుని స్వయంగా వెళ్లాలి. షాపాయన దాన్ని చేతిలో బరువు చూసి, ‘బాబూ, ఇది ఒరిజినల్. నా దగ్గరున్నది లోకల్. దీన్నే కడిగి, సీలు మార్చి వాడుకో’ అని తిప్పి పంపిన సందర్భాలున్నాయి. అలాంటాయన దొరికితే వదలకండి. కొత్త డబ్బాలో మెరిసే లోకల్ బేరింగు కన్నా శుభ్రం చేసిన పాత బేరింగే ఎక్కువ కాలం వస్తుందని నేనూ చూశాను.

బాడీ పని గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది అనుకున్నాను గానీ, అడిగేది దాని గురించే. ఫ్లోరు, కింది చానెళ్లు తుప్పు తినేశాయి. పుట్టీ పెట్టి కప్పేయడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. పుట్టీ కింద తుప్పు చావదు. కుళ్లిన చోటల్లా కోసేసి, 18 గేజి రేకు పెట్టి, మిగ్ వెల్డింగ్‌తో ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ పెడుతూ, చల్లారనిస్తూ చేశాం. ఒకే గీతలో లాగితే వేడికి రేకు ముడతలు పడుతుంది. ఆర్క్ వెల్డింగ్ అయితే కన్నాలే. తర్వాత ఎపాక్సీ ప్రైమర్, అతుకుల్లో సీలర్, నీళ్లు పోవడానికి కింద కన్నాలు. ఈ కనిపించని పొర ఇంకా చెక్కుచెదరలేదు, అడుగున పడుకుని చూస్తే తెలుస్తుంది. పైన వేయించిన ఖరీదైన రంగు సంగతి చెప్పనా? ఏజెన్సీ దారుల్లో ముళ్లకంపలు మొదటి ఏడాదే గీసి పెట్టాయి, బోనెట్ మీద ఎండకి వెలిసిపోయింది. రెండోసారి మామూలు ఎనామెల్ వేయించాను. గీత పడితే బ్రష్షుతో నేనే పూసుకుంటాను. టార్పాలిన్ హుడ్డు కుట్లు ఊడి మళ్లీ కుట్టించాల్సి వచ్చింది, రెక్సిన్ సీట్లు పగిలాయి.

రంగు దగ్గర ఒక హెచ్చరిక. జీపు అనగానే ఆర్మీ ఆలివ్ గ్రీన్ వేయించుకోవాలని అందరికీ మనసు పడుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. రోడ్డు మీద పట్టుకుంటే వాదించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కాగితాలు కూడా కనిపించని పనుల్లోకే వస్తాయి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్, దానికి ముందు ఫిట్‌నెస్. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 అయ్యింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు అదనం. యాభై ఏళ్లు దాటిన బండికి ఇంకో దారి ఉంది. 2021లో వచ్చిన వింటేజి నిబంధనల కింద ‘వీఏ’ అక్షరాల నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజువారీగా రోడ్డెక్కకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే. బండిని షోకేసులో పెట్టుకునేవాళ్లకి అది బాగానే ఉంటుంది. నాకు పొలానికీ మారేడుమిల్లికీ కావాలి, అందుకే ఖర్చయినా పాత నంబరే ఉంచుకున్నాను. ఆ మూడక్షరాల పాత నంబరు ప్లేటు మీద నాకున్న మమకారం వేరే సంగతి.

ఖర్చు ఎంతయ్యిందని అడిగితే, కొన్న ధరకి రెండింతలు పైనే బాగు చెయ్యడానికి పోసాను. అందులో సగానికి పైగా ఇంజనూ బ్రేకులూ స్టీరింగూ తిన్నాయి. షెడ్డులో సొంత చేత్తో చెయ్యడం వల్ల మిగిలింది కూలి డబ్బే. ముక్కల ఖర్చు ఎవరు చేసినా ఒకటే. ‘తర్వాత అమ్మితే లాభం వస్తుందా?’ అంటే, పెట్టింది తిరిగి వస్తే గొప్ప. చెయ్యి తిరగని పని అయితే మీ ఊళ్లో నమ్మకమైన పాత మెకానిక్ ఉన్నారో లేదో ముందు చూసుకోండి, బండి తర్వాత చూడొచ్చు.

కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం, చేతిలో టార్చి ఉండాలి. అయస్కాంతం ఎక్కడ అంటుకోదో అక్కడ పుట్టీ ఉంది. ముందు స్ప్రింగు హ్యాంగర్ల దగ్గర, స్టీరింగ్ బాక్సు బిగించిన చోట ఛాసిస్‌లో పగుళ్లున్నాయేమో చూడండి, వెల్డింగ్ అతుకులుంటే అడగండి. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టిన జీపులు మన దగ్గర బోలెడు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే బండి ఎంత బాగున్నా వదిలెయ్యండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేకుండా చేసిన ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఛాసిస్ నంబరు మీద మట్టి గోకి, ఆర్సీలో ఉన్న అంకెలతో ఒక్కొక్కటీ పోల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.